గోడమీది పావురము

పవిత్రప్రతిమను మార్చి చూపిన వీథిచిత్రమెల్ల దైవదూషణమేనా? ఈ ప్రశ్నకు సమాధానమును బేత్లెహేము గోడలపై వెదకుదము.

యేసు జన్మస్థలముగా క్రైస్తవులు ఆరాధించు ఆ పట్టణమును ఆనుకొని, ఇశ్రాయేలు ప్రభుత్వము 2002లో ఆరంభించిన వేర్పాటుగోడ సాగుచున్నది. దాని కాంక్రీటు పలకల ఎత్తు సుమారు 8 మీటర్లు. అది ఆత్మాహుతి దాడులనుండి రక్షణకని ఇశ్రాయేలు వాదించును. తమ భూములను, బ్రతుకులను చీల్చినదని పాలస్తీనీయులు వాపోవుదురు. ఆక్రమిత భూభాగమున దాని నిర్మాణము చట్టవిరుద్ధమని 2004లో అంతర్జాతీయ న్యాయస్థానము అభిప్రాయము తెలిపినది.

2007లో బాంక్సీ అను మారుపేరుగల ఆంగ్లచిత్రకారుడు ఆ ఊరి కట్టడమొకదాని గోడపై తెల్లపావురమును చిత్రించెను. ప్రళయానంతరము నోవహు ఓడకు ఒలీవ ఆకును తెచ్చిన పావురము శాంతికి సంకేతమని లోకమెరుగును. ఈ పావురము నోటను ఒలీవకొమ్మ ఉన్నది. కాని ఒంటిపై తూటాలనాపు కవచమున్నది, రొమ్ముపై తుపాకిగురి గుర్తు ఉన్నది. 2019 డిసెంబరులో అతడే యేసు జననదృశ్యమును బొమ్మలతో కూర్చెను. మరియ, యోసేపు, శిశువుల వెనుక కాంక్రీటుగోడ. నక్షత్రముండవలసిన చోట ఫిరంగిగుండు తొలిచినట్టి రంధ్రము!

ఇచ్చట పరిహాసము పావురముపై కాదు. దానికి కవచము తొడిగించిన కాలముపై. తెలుగువారికి ఈ త్రోవ క్రొత్తది కాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున శ్రీకాకుళపు దేవుని తిట్టినట్లే తిట్టి కొలిచెను. దానినే మనము నిందాస్తుతి యందుము.

అయినను ఒక చిక్కు కలదు. 2007లోనే ఆ చిత్రకారుడు, సైనికుడొకడు గాడిదను గుర్తింపుపత్రములడుగుచున్నట్లు చిత్రించెను. మరియను బేత్లెహేమునకు మోసినది గాడిదయేనని క్రైస్తవుల ఐతిహ్యము. గేలి తనిఖీపైననే కావచ్చును. కాని తమను గాడిదలనుచున్నాడని స్థానికులు కొందరు నొచ్చుకొనిరి. తరువాత ఆ గోడభాగమును కోసి, విక్రయార్థము విదేశములకు తరలించిరి.

నిందాస్తుతిలో కవికిని వినువారికిని దేవుడొక్కడే, భాష యొక్కటే. అందుచే తిట్టు వెనుకనున్న భక్తి చప్పున తెలియును. వెలినుండి వచ్చిన చిత్రకారునకు ఆ చనువు సహజముగా లభింపదు, సంపాదించుకొనవలసినదే. కావున ఇట్టి చిత్రమునకు తీర్పరి దూరమునుండి మెచ్చు రసికుడు కాడు, కొనిపోవు ధనికుడును కాడు. ఆ గోడనీడలో బ్రతుకువాడే యని మేము తలంతుము.