పత్రసేవ – పిల్లల చేతిపని



శ్రీమద్భగవద్గీత తొమ్మిదవ అధ్యాయము 26వ శ్లోకమున భగవానుడు తనకు భక్తితో సమర్పింపదగిన వాటిని చెప్పుచు, పత్రమును మొదట పేర్కొన్నాడు. పుష్పము, ఫలము, జలము ఆ తరువాతనే వచ్చినవి. పువ్వు పూయుటకు ఋతువు రావలెను, పండు పండుటకు కాలము కావలెను. ఆకు మాత్రము పేదవాని పెరటిలోనైనను ఉండును, పసివాని చేతికైనను అందును. అయితే ఆ పసివానికి తాను కోసిన ఆకు పేరు తెలియునా? నేడు మన ఇండ్లలో తెలియనివారే ఎక్కువ. ఈ లోటు తీర్చుటకు మావంటివారి ఉపన్యాసములకన్న, పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని ఆకులతో పని చేయించుట మేలు.

తోటపల్లి గూడూరు మొదలు కోడూరు సముద్రతీరము వరకు ఇందుకు కావలసిన సామగ్రికి కొదువ లేదు. కొబ్బరాకు చుట్టిన బూర అగును, మడిచిన చేతి గడియారమగును. తాటాకు బొమ్మలకు పెండ్లి చేయుట మన ఆడపిల్లల పాత వేడుక. ఆ బొమ్మను అలంకరించునపుడు పిల్లలకు ఒక ముచ్చట చెప్పవచ్చును. తాటాకునకు తెలుగులో కమ్మ అని పేరు. పూర్వము తాటాకును చుట్టి చెవికి పెట్టుకొనెడివారు. అందుచేత నేడు బంగారముతో చేయించినను ఆ నగ కమ్మయే. ఆకుమీద వ్రాసి పంపిన ఉత్తరమును కమ్మయే. వేదము గురుముఖమున వచ్చినది గాని, భాష్యములు, శాస్త్రములు ఎన్నో తరములపాటు తాళపత్రములమీదనే నిలిచినవి.

ఆటబొమ్మలకన్న విస్తరి కుట్టుట ముఖ్యము. గాయత్రి మూడవ స్వర్గమునుండి సోమమును తెచ్చునపుడు దాని ఆకు ఒకటి తెగిపడి పర్ణవృక్షమైనదని తైత్తిరీయ సంహితలో ఉన్నది. పర్ణమనగా మోదుగ. యజ్ఞములో హోమము చేయు జుహువును ఆ కర్రతోనే చేయుదురు. అందుచేత మోదుగ విస్తరికి మన పెద్దలిచ్చిన గౌరవము ఊరక వచ్చినది కాదు. మోదుగ మెట్ట ప్రాంతపు చెట్టు. తీరప్రాంతమున మర్రాకు, బాదమాకు చాలును.

లేతది కాక, ఎండినది కాక, ముదురాకును ఏరుకొనవలెను. మర్రాకు తొడిమ తుంచినచో పాలు కారును, తడిగుడ్డతో తుడువవలెను. ఒక ఆకును నడుమ పరచి, చుట్టును మిగిలిన ఆకులను ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కునట్లు, నునుపు వైపు పైకి ఉండునట్లు పేర్చి, ఈనెపుల్ల ముక్కలతో గుచ్చవలెను. పుల్ల క్రిందినుండి పైకి వచ్చి మరల క్రిందికి దిగవలెను. పైకి పొడుచుకొని ఉన్నచో తినువాని వ్రేలికి గుచ్చుకొనును. పిల్లవాడు కుట్టిన విస్తరిలో మొదట వానికే పప్పుచారు వడ్డింపుడు. ఎక్కడ కారినదో వానికే తెలియును, మరుసటి విస్తరి తప్పక బాగుండును. మామిడి తోరణము ఇంతకన్న సులభము: ఆకు తొడిమను నారమీదుగా మడిచి పుల్ల గుచ్చిన చాలును. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములను, గ్లాసులను, అలంకరణకు వాడు థర్మోకోలును కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. చట్టము వద్దన్నది సరే, దాని చోటికి రావలసిన విస్తరిని కుట్టు చేతులు మన ఇంటిలోనే తయారు కావలెను గదా!

ఇక వినాయక చవితి పత్రి. కట్టగట్టి అమ్మునది కొని, నామము చదివినపుడెల్ల చేతికందిన ఆకును వేయుట చూచుచున్నాము. ఏకవింశతి పత్రములలో దేవదారు కలదు. అది హిమవత్పర్వత వృక్షము, కోడూరు ఇసుకలో వెదకి ఫలమేమి? లభింపని దానికి అక్షతలు సమర్పించుట పెద్దల ఆచారమే. పేరు తెలియని ఇరువదియొక్క ఆకులకన్న, పిల్లవాడు తానై గుర్తించి తెచ్చిన గరిక, ఉత్తరేణి, జమ్మి, రావి, మామిడి ఈ అయిదే నాకు ఇష్టము. ఒక హెచ్చరిక. ఆ పత్రములలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నవి. మొదటి రెండును నోటిలో పెట్టుకొన్న ప్రాణాపాయము, జిల్లేడు పాలు కంటికి హాని. వీటిని పెద్దలే కోసి, ఇవి ఇట్టివని చూపవలెను. పూజ ముగిసిన వెంటనే పిల్లల చేతులు కడిగింపవలెను.

కోయుటకును మర్యాద ఉన్నది. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆకు కోయరాదు, ద్వాదశినాడు తులసి ముట్టరాదు. కొమ్మ విరువక, చెట్టుకు నమస్కరించి, కావలసినన్ని మాత్రమే ఒక్కొక్కటిగా త్రుంచవలెను. మారేడు దళము ఒకసారి పూజకు వాడినదైనను కడిగి మరల సమర్పింపవచ్చును. ఆ ఒక్క నియమము వలన ఎన్ని చెట్లు బోసిపోక నిలిచినవో!

కుట్టిన విస్తళ్లను తడి ఆరకముందే దొంతిపెట్టినచో బూజు పట్టును. నీడపట్టున ఆరనిచ్చి, పైన బరువుంచి, వడ్డించుటకు కొంచెము ముందుగా నీరు చిలుకరించినచో మరల మెత్తబడును.