కలిసి చదివితే కలిసి పనిచేస్తారు

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే ఉద్యోగానికి సంబంధించినదేదో అని పొరబడతాం. అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం వంటి రోజువారీ పనులు జబ్బు వల్లనో గాయం వల్లనో చేసుకోలేనివారికి వాటిని తిరిగి అలవాటు చేసే చికిత్స ఇది.

అమెరికాలో ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. మాస్టర్స్ లేదా డాక్టరేట్ చదివిన థెరపిస్టు రోగిని పరీక్షించి ప్రణాళిక వేస్తారు. ఎక్కువగా రెండేళ్ల కోర్సు చదివిన అసిస్టెంటు, థెరపిస్టు పర్యవేక్షణలో దాన్ని అమలు చేస్తారు. చివరి దశ క్షేత్రశిక్షణ థెరపిస్టుకు కనీసం 24 వారాలు, అసిస్టెంటుకు 16 వారాలు. చాలాచోట్ల కళాశాలలు కూడా వేరే.

చిక్కు ఇక్కడే వస్తుంది. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన మనిషికి చొక్కా తొడుక్కోవడం నేర్పాలని థెరపిస్టు రాస్తారు. రెండో బొత్తానికే ఆయన అలసిపోతున్నాడని దగ్గరుండి చేయించే అసిస్టెంటుకు తెలుస్తుంది. ప్రణాళికను సొంతంగా మార్చే అధికారం అసిస్టెంటుకు లేదు. చెప్పడానికి జంకితే నష్టపోయేది రోగే.

అందుకే చదువుకునే రోజుల్లోనే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకే రోగి వివరాలు ఇస్తారు. ఒకరు లక్ష్యం రాస్తే, రెండోవారు దాన్ని ఎలా చేయించాలో చెబుతారు. ఎవరి బాధ్యత ఎంతవరకో, ఎప్పుడు అడగాలో ఇద్దరికీ అలా తెలుస్తుంది.

అయితే పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలు కలిసి నేర్చుకోరని ఉపాధ్యాయులుగా మేము రోజూ చూస్తున్నదే. పెద్ద చదువు చదివేవారే మాట్లాడుతుంటే రెండోవారు వింటూ ఉండిపోతారు. వారిచేత కూడా మాట్లాడించడం గురువు పని.