మర్చంట్ ఆఫ్ రికార్డ్

సాఫ్ట్‌వేర్, ఈ-పుస్తకాల వంటి డిజిటల్ సరుకును తయారీదారుకు బదులు తన పేరిట అమ్మి, బిల్లు ఇచ్చి, పన్ను కట్టే సంస్థ మర్చంట్ ఆఫ్ రికార్డ్. పేమెంట్ గేట్‌వే డబ్బు మాత్రమే చేరవేస్తుంది. మర్చంట్ ఆఫ్ రికార్డ్ మాత్రం చట్టం దృష్టిలో అమ్మకందారే.

దీని అవసరం పన్నుల్లోంచి పుట్టింది. నరసరావుపేటలో కూర్చుని జిన్నింగ్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసినవారు దాన్ని జర్మనీలో ఒక వ్యక్తికి అమ్మితే అక్కడి వ్యాట్ వర్తిస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2015 నుంచి కొనేవారి దేశపు రేటే లెక్క. విదేశీ సంస్థలు మన వినియోగదారులకు అమ్మే డిజిటల్ సేవలపై భారత్ కూడా 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తోంది. ఇన్ని దేశాల రిజిస్ట్రేషన్లు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అందుకే ఆ భారాన్ని మర్చంట్ ఆఫ్ రికార్డ్‌కు అప్పగిస్తారు.

పోల్చి చూస్తే, గుంటూరు మిర్చి యార్డులో రైతు దించిన టిక్కీలను (మిర్చి బస్తాలను) కమీషన్ ఏజెంటు అమ్మిపెడతాడు, సరుకు మాత్రం రైతుదే. మర్చంట్ ఆఫ్ రికార్డ్ అయితే తానే కొని తిరిగి అమ్మినట్టు.

రుసుము తక్కువేమీ కాదు. లండన్ సంస్థ పాడిల్ ప్రకటించిన రేటు 5 శాతం, దానిపై 50 సెంట్లు. 5 డాలర్ల సరుకుపై 75 సెంట్లు, అంటే 15 శాతం పోతుంది.

డబ్బు ముందు సంస్థ చేతిలో పడటం అసలు ప్రమాదం. 1994లో మినెసోటాలో మొదలైన ఇలాంటి సంస్థ డిజిటల్ రివర్, అమ్మకందారులకు బకాయిపడి, 2025 జనవరిలో అమెరికాలో మూతపడింది.