కువైట్ తెలుగు కుటుంబాల వంశచరిత్ర: చందా సైట్లలో దొరకని కాగితాలు

కువైట్‌లో పూర్వీకుల వివరం పౌరసత్వానికే ఆధారం. 1959 నాటి జాతీయతా చట్టం 1920కి ముందే కువైట్‌లో స్థిరపడి, ఆ చట్టం వెలువడేవరకూ అక్కడే నివసించినవారిని మూల కువైటీలుగా గుర్తించింది. తాత ముత్తాతలు ఏ కాలంలో ఆ నేలకు వచ్చారో చూపలేని కుటుంబాలు అనేకం బిదూన్లుగా, అంటే ఏ దేశపు పౌరసత్వమూ లేనివారుగా మిగిలిపోయాయి. 2015లో ఇమామ్ సాదిఖ్ మసీదుపై బాంబు దాడి జరిగాక, పౌరులూ ప్రవాసులూ అందరూ డీఎన్ఏ నమూనా ఇవ్వాలని చేసిన చట్టాన్ని 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది.

అదే దేశానికి కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి రెండు మూడు తరాలుగా వలస వెళ్తున్న తెలుగు కుటుంబాలకు వంశచరిత్రతో అటువంటి చట్టపరమైన అగత్యం లేదు. అయితే తమ మూలాలు తెలుసుకోగోరే ప్రవాసి సాధారణంగా మొదట చేరేది ఆన్‌లైన్ చందా సేవల దగ్గరికి. యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్ వంటి సంస్థలు పాత రిజిస్టర్ల ఛాయాచిత్రాలను సేకరించి, వాటిలోని పేర్లకు సూచికలు తయారుచేసి, నెలకో ఏడాదికో చందా కట్టినవారికి చూపిస్తాయి. ఆ సేకరణకు వెన్నెముక చర్చి రిజిస్టర్లు, ఓడ ప్రయాణికుల జాబితాలు, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటింటి జనగణన పత్రాలు. అమెరికా ఆ పత్రాలను 72 ఏళ్ల తరువాత, బ్రిటన్ 100 ఏళ్ల తరువాత ప్రజలకు తెరుస్తాయి. భారతదేశంలో 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ వాటిని ఎవరూ తనిఖీ చేయరాదని నిషేధించింది. ఫైండ్‌మైపాస్ట్‌లోని బ్రిటిష్ ఇండియా రికార్డులలో కనిపించేది ఎక్కువగా ఆంగ్లేయ ఉద్యోగులూ సైనికులూ ఆంగ్లో ఇండియన్లూ. కాబట్టి రాజంపేట రైతు కుటుంబం వీటికి చందా కట్టడం చాలావరకు వృథా ఖర్చే. ఇటువంటిదే అయిన మైహెరిటేజ్ ఇజ్రాయెల్‌కు చెందిన సంస్థ కావడం వల్ల, 1964 నాటి ఇజ్రాయెల్ బహిష్కరణ చట్టం ఉన్న కువైట్‌లో నివసించేవారు ఆ సంగతి కూడా గమనించుకోవాలి.

1894లో యూటాలో స్థాపితమైన వంశావళి సంఘం నుంచి ఎదిగిన ఫ్యామిలీసెర్చ్ మాత్రం ఉచితం. అందులో హిందూ తీర్థయాత్రల రికార్డులు కూడా ఉన్నాయి. గయ, హరిద్వార్ వంటి క్షేత్రాలలో పండాలనే తీర్థ పురోహితులు యాత్రికుల ఊరినీ కులాన్నీ బట్టి బహీలనే పొడవాటి పుస్తకాలు నిర్వహించి, పిండప్రదానానికి వచ్చినవారి చేత తండ్రి, తాత, సోదరుల పేర్లు రాయించేవారు. పూర్వీకులలో ఎవరైనా కాశీ, గయ యాత్ర చేసినట్లు ఇంట్లో చెప్పుకుంటుంటే, ఆ పండా వంశాన్ని వెతకడం ఏ చందా కంటే కూడా మేలు.

అసలు నిధి భూమి రికార్డులలో ఉంది. 1800లో నిజాం కడప ప్రాంతం కూడా ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఆ ప్రాంతాన్ని పాలించి, ప్రభుత్వం నేరుగా ఒక్కొక్క రైతుతో శిస్తు నిర్ణయించుకొనే రైత్వారీ పద్ధతికి పునాదులు వేశాడు. దాంతో ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో గ్రామగ్రామాన రాసిపెట్టవలసి వచ్చింది. రీసర్వే అనంతరం తయారైన ఆర్ఎస్ఆర్ పుస్తకం, ఎవరి సాగులో ఏముందో చెప్పే అడంగల్ తహసీల్దారు కార్యాలయంలో అడగవలసిన కాగితాలు. మద్రాసు రాజధానిలో 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు ఇంకా విలువైనవి. ఇనాం అంటే పన్ను మినహాయింపుతోనో తగ్గింపుతోనో అనుభవించే భూమి. దాన్ని మొదట ఎవరు ఇచ్చారు, తరువాత ఏ వారసుడి చేతికి వచ్చింది అన్న వివరాలు రాయడం వల్ల ఒక్కో పుటలో రెండు మూడు తరాలు బయటపడతాయి. ఈ ఇనాములు దేవాలయాలకూ బ్రాహ్మణులకూ మాత్రమే పరిమితం కాలేదు. తలారి, నీరటి, కమ్మరి, వడ్రంగి, ఖాజీల కుటుంబాలు కూడా వాటిలో కనిపిస్తాయి. ఆ కాలపు మద్రాసు రాజధాని దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ప్రధాన నిలయం. ఇటీవలి అడంగల్, 1-బి వివరాలు మీభూమి వెబ్‌సైట్‌లో చూడవచ్చు గాని, అవి వర్తమాన హక్కులకు పనికొచ్చినంతగా వంశచరిత్రకు పనికిరావు. 1984లో వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయ్యాక కొన్ని గ్రామలెక్కలు పాత కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి.

అయితే కువైట్ వెళ్లినవారిలో భూమి లేని కుటుంబాలు తక్కువేమీ కాదు, ముఖ్యంగా ఇంటిపనికి వెళ్లిన స్త్రీలలో. వారి పూర్వీకులను శిస్తు లెక్కలు పట్టించుకోలేదు. అటువంటి చోట బడి ప్రవేశ రిజిస్టరు, క్రైస్తవులైతే మిషన్ చర్చి బాప్తిస్మ పుస్తకం శరణ్యం. కొన్ని కులాలకు, పూర్వం పిచ్చిగుంట్ల అని పిలిచిన వంశరాజులు ఇంటిపేర్లూ గోత్రాలూ పాడి చెప్పే ఆచారం ఉంది. దాన్ని రికార్డు చేసుకోవడం ఆర్కైవ్స్‌కు వెళ్లడం కంటే ముందు చేయవలసిన పని.

ఇక కువైట్ వైపు కాగితాల విషయం. కువైట్ బ్రిటిష్ రక్షణలో ఉండి రూపాయి చెల్లిన కాలంలో, 1904లో మొదలైన పొలిటికల్ ఏజెన్సీ భారతీయుల వ్యవహారాలు చూసేది. ఆ దస్త్రాలు 2014 నుంచి ఖతర్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా లభిస్తున్నాయి. తెలుగువారి వలస ప్రధానంగా 1970ల తరువాతిది కనుక, వారికి అవి నేపథ్యానికే ఉపకరిస్తాయి. వారి చరిత్ర 20 నంబరు ఇంటిపని వీసాలో, 18 నంబరు కంపెనీ వీసాలో, భారతదేశపు 1983 వలస చట్టం కింద పాస్‌పోర్టుపై పడిన ముద్రలో, బతాకా అని పిలుచుకొనే సివిల్ ఐడీలో ఉంది. సివిల్ నంబరులోని 12 అంకెల్లో మొదటిది శతాబ్దాన్నీ, తరువాతి ఆరు పుట్టిన సంవత్సరం, నెల, తేదీలనూ తెలుపుతాయి. అయితే అది పాస్‌పోర్టులోని తేదీ. ఏజెంటు వేయించిన తేదీ అయితే ఆ అబద్ధమే శాశ్వతమవుతుంది కాబట్టి బడి రిజిస్టరుతో పోల్చి చూడాలి. అరబీలో ప, చ అక్షరాలు లేనందున పెంచలయ్య, చెంచమ్మ వంటి పేర్లు అరబీ కాగితాలలో గుర్తుపట్టలేనంతగా మారతాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి జరిగినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో తరలించారు. చాలామంది కట్టుబట్టలతో రావడంతో అంతకుముందరి కాగితాలు పోయాయి. ఆ లోటును కొంత తీర్చేవి ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్‌కు పెట్టుకున్న దరఖాస్తుల నకళ్లు. దేశం విడిచి రావలసివచ్చినందుకు కోరిన పరిహారం కనుక ఎవరు, ఎప్పుడు, ఎలా వచ్చారో వాటిలో ఉంటుంది.

2019 మార్చి నుంచి కువైట్ ప్రవాసుల పాస్‌పోర్టులలో అకామా, అంటే నివాస అనుమతి, స్టిక్కరు అంటించడం మానేసింది. దానితో నివాసానికి కాగితపు గుర్తు మరీ పలచబడింది. కాబట్టి గడువు తీరిన పాస్‌పోర్టులను పారవేయకుండా దాచాలి, బతాకాకు రెండువైపులా నకలు తీసుకోవాలి, ప్రతి నకలు మీద మనిషి అసలు పేరు, ఇంటిపేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు తెలుగులో రాసిపెట్టాలి. కువైట్‌లో పుట్టిన పిల్లల జననాన్ని ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి.