599 అన్నారు సరే, సిగ్నల్ నిజంగా బాగుందా? మోర్స్ సిగ్నల్‌లో లోపాలు పట్టుకోవడం ఎలా

పోయిన ఎపిసోడ్‌లో కీ ఎలా పట్టుకోవాలి, స్పీడ్ ఎలా పెంచుకోవాలి అనేది చూశాం. ఈరోజు టాపిక్ కొంచెం ఇబ్బందికరమైనదే. మీరు కిట్ సోల్డరింగ్ చేశారు, డాబా మీద యాంటెన్నా కట్టారు, కీ కొట్టారు. అవతలి స్టేషన్ మీకు 599 రిపోర్ట్ ఇచ్చింది. 599 అంటే ఫుల్ మార్కులు. కానీ ఆ మార్కుల్ని నమ్మొచ్చా?

నన్నడిగితే నమ్మకండి అంటాను. పెళ్లి భోజనం చేసి బయటికొస్తుంటే "ఎలా ఉందండీ?" అని అడుగుతారు. ఎవరైనా "సాంబార్‌లో ఉప్పు ఎక్కువైంది" అంటారా? ఇదీ అంతే. కాంటెస్టుల్లో అయితే వినకముందే 599 కొట్టేస్తారు. అది కూడా 9కి బదులు షార్ట్‌గా ఎన్ అని కొడతారు, టైమ్ కలిసొస్తుందని. అందుకే లోపం ఉన్న సిగ్నల్‌తో నెలల తరబడి ప్రసారం చేసేవాళ్లుంటారు, వాళ్లకా సంగతే తెలియదు. ఆ లోపం వల్ల పక్కనే బలహీనమైన సిగ్నల్‌ని వింటున్న ఇంకొకరి కాంటాక్ట్ పోతుంది. అసలు బాధ అక్కడే.

ఆ మూడు అంకెల సంగతి చూద్దాం. ఈ పద్ధతిని ఆర్థర్ బ్రాటెన్ అనే అమెరికన్ హామ్ 1934లో రూపొందించారు. మొదటి అంకె ఎంత స్పష్టంగా అర్థమవుతోందో చెప్తుంది, 1 నుంచి 5 వరకు. రెండోది సిగ్నల్ బలం, 1 నుంచి 9 వరకు. మూడోది టోన్ శుద్ధత, అదీ 1 నుంచి 9 వరకు. ఈరోజు మనకు కావాల్సింది ఆ మూడో అంకె. దాని వెనక ఒక అక్షరం కూడా పెట్టొచ్చు. సి అంటే చర్ప్ ఉందని, కె అంటే కీ క్లిక్స్ ఉన్నాయని. ఆ అక్షరం ఈమధ్య ఎవరూ పెట్టట్లేదు, అది వేరే సంగతి.

ఎక్కడ వినాలి? ఫోన్ చాలు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీవాళ్ల వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది. అలాగే ప్రపంచమంతా కివీఎస్‌డీఆర్ రిసీవర్లు ఉన్నాయి. బ్రౌజర్‌లో ఓపెన్ చేస్తే శబ్దం వినిపిస్తుంది, కింద వాటర్‌ఫాల్ కనిపిస్తుంది. వాటర్‌ఫాల్ అంటే సిగ్నల్స్ రంగు గీతల్లా జారుతూ కనిపించే బొమ్మ. ప్రసారం చేయాలంటే మాత్రం డబ్ల్యూపీసీ లైసెన్స్ ఉండాల్సిందే, ఇది ప్రతి ఎపిసోడ్‌లో చెప్తూనే ఉన్నా. పక్క గదిలో మీ సొంత రిసీవర్ పెట్టుకుని వినొద్దా అంటే, వినొచ్చు, కానీ జాగ్రత్త. అంత దగ్గర్లో సిగ్నల్ బలానికి రిసీవర్ ఓవర్‌లోడ్ అయిపోయి, లేని క్లిక్స్‌ని కూడా పుట్టిస్తుంది. దానికి యాంటెన్నా తీసేసి, ట్రాన్స్‌మిటర్‌ని డమ్మీ లోడ్‌కి కలిపి అప్పుడు వినండి.

ఇదే మన మొదటి రూల్ కూడా. లోపం ట్రాన్స్‌మిటర్‌లో ఉందా, దారిలో ఉందా, వినేవాళ్ల రిసీవర్‌లో ఉందా? ముందు అది తేల్చాలి. అటెన్యుయేటర్ ఆన్ చేస్తే క్లిక్స్ మాయమైతే తప్పు రిసీవర్‌ది. టోన్ గరగరమంటోంది, కానీ అదే దిక్కు నుంచి వచ్చే మిగతా స్టేషన్లు కూడా అలాగే ఉన్నాయా? అయితే అది ఆకాశం పని. ధ్రువాల మీదుగా వచ్చే సిగ్నల్స్‌లో అరోరా వల్ల అలా అవుతుంది. రెండు మూడు రిసీవర్లలో విన్నా ఒకే లోపం ఉంటే, అప్పుడు ట్రాన్స్‌మిటర్ మూత తీయండి.

ఇప్పుడు చర్ప్. ఈ ఆడియో వినండి. (ఇక్కడ వీడియోలో ఒక టోన్ వినిపించారు: పియూ, పియూ, పియూ.) ప్రతి డా మొదట్లో ఒక శ్రుతిలో ఎత్తుకుని చివరికి ఇంకో శ్రుతికి జారుతోంది, పిట్ట కూసినట్టు. వాటర్‌ఫాల్‌ని బాగా జూమ్ చేస్తే నిటారుగా ఉండాల్సిన గీత వంకరగా కనిపిస్తుంది. గంట సేపట్లో మెల్లగా జరిగితే అది డ్రిఫ్ట్, వేడి వల్ల వచ్చేది. ప్రతి డిట్‌కీ జరిగితే అది చర్ప్.

ఎందుకొస్తుంది? ఊళ్లో బోరు మోటార్ ఆన్ చేయగానే ఇంట్లో బల్బు ఒక్కసారి డిమ్ అవుతుంది చూడండి, అదే కథ. కీ నొక్కగానే పవర్ ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది. సప్లై వోల్టేజ్ పడుతుంది. ఫ్రీక్వెన్సీ తయారుచేసే ఆసిలేటర్ కూడా అదే సప్లై మీద బతుకుతోంది కాబట్టి దాని ఫ్రీక్వెన్సీ కదులుతుంది. రెండో కారణం, బయటికి పోవాల్సిన శక్తిలో కొంత వెనక్కి ఆసిలేటర్‌లోకి రావడం. పిక్సీ లాంటి రెండు ట్రాన్సిస్టర్ల కిట్లు, అవే 7.023 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో దొరుకుతాయి కదా, వాటిలో ఆసిలేటర్‌కీ పవర్ దశకీ మధ్య అడ్డుగోడే లేదు. కాబట్టి ఈ రెండూ కలిసి రావొచ్చు.

ఏది కారణమో ఎలా తెలుస్తుంది? యాంటెన్నా తీసి 50 ఓమ్స్ డమ్మీ లోడ్ పెట్టండి. రెండు 100 ఓమ్స్, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు పక్కపక్కన కలిపితే చిన్న కిట్‌కి అదే డమ్మీ లోడ్. వైర్ చుట్టిన రెసిస్టర్లు వద్దు, అవి కాయిల్‌లా పనిచేస్తాయి. డమ్మీ లోడ్‌తో చర్ప్ పోయిందంటే తేడా యాంటెన్నా మ్యాచింగ్‌లోనో, వెనక్కి వస్తున్న రేడియో శక్తిలోనో ఉంది. పోలేదంటే మల్టీమీటర్ సప్లైకి పెట్టి, కీ రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. మీటర్ నెమ్మది, ఒక్క డిట్‌లో చూపించలేదు. వోల్టేజ్ బాగా పడుతోందా? చిన్న 9 వోల్టుల బ్యాటరీ తీసేసి దమ్మున్న బ్యాటరీ పెట్టండి. ఆసిలేటర్‌కి విడిగా ఒక చిన్న 5 వోల్టుల రెగ్యులేటర్ ఇవ్వగలిగితే ఇంకా మంచిది. వోల్టేజ్ కదలకపోయినా చర్ప్ ఉంటే, మధ్యలో ఒక బఫర్ దశ కావాలి.

తర్వాత కీ క్లిక్స్. చర్ప్ వింటే నవ్వొస్తుంది, క్లిక్స్ వింటే కోపమొస్తుంది. ఎందుకంటే ఇవి మీ ఫ్రీక్వెన్సీలో ఉండవు, పక్కవాళ్ల ఇంట్లో పడతాయి. మైక్ సెట్ అతను ఆంప్లిఫైయర్ ఆన్ చేయగానే స్పీకర్‌లో "ఠప్" మంటుంది కదా. ఏ సిగ్నల్ అయినా ఒక్క దెబ్బకి మొదలై ఒక్క దెబ్బకి ఆగిపోతే దాని శక్తి అటూ ఇటూ చెదిరిపోతుంది. అందుకే ప్రతి డిట్ సుమారు 5 మిల్లీసెకన్లలో మెల్లగా ఎక్కి, మెల్లగా దిగాలి. నిమిషానికి 20 పదాల స్పీడ్‌లో ఒక డిట్ 60 మిల్లీసెకన్లు. కాబట్టి 5 పోయినా వినడానికేం నష్టం లేదు.

వీటిని పట్టుకోవాలంటే సిగ్నల్ మీద ట్యూన్ చేయకండి. ఫిల్టర్ సన్నగా పెట్టి, ఒక కిలోహెర్ట్జ్ పక్కకి జరగండి. శుభ్రమైన సిగ్నల్ అయితే అక్కడ నిశ్శబ్దం. లోపముంటే టప్ టప్ మని వినిపిస్తుంది, వాటర్‌ఫాల్‌లో డిట్‌కి రెండు చివర్లా అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. రెడీమేడ్ రిగ్గుల్లో కొన్నింటికి మెనూలో రైజ్ టైమ్ సెట్టింగ్ ఉంటుంది, 2, 4, 6, 8 అని. 2 మీద ఉంటే పైకి మార్చండి, ఖర్చు లేని రిపేర్. సొంత కిట్ అయితే కీయింగ్ ట్రాన్సిస్టర్ దగ్గర రెసిస్టర్, కెపాసిటర్ జత సరిచేయాలి. మొదటి డిట్‌కి మాత్రమే పెద్ద క్లిక్ వస్తుంటే పవర్ తగ్గించి చూడండి. తగ్గితే అది పవర్‌ని అదుపు చేసే ఏఎల్‌సీ ఆలస్యంగా మేల్కొంటున్న గుర్తు.

హమ్ ఈజీ. టోన్ వెనక గుర్రుమని శబ్దం, వాటర్‌ఫాల్‌లో అసలు గీతకి అటూ ఇటూ 100 హెర్ట్జ్ దూరంలో పిల్ల గీతలు. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫైయర్ దాటాక 100 అవుతుంది. బ్యాటరీ మీద నడపండి. పోయిందా, పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ ముసలిదైంది. మార్చేయండి.

ఇక అందరూ మర్చిపోయేది మొదటి డిట్. కీ నొక్కాక రిలే మారేలోపు మొదటి డిట్ మింగేస్తుంది. మోర్స్‌లో వీ అంటే మూడు డిట్‌లు, ఒక డా. ఒక డిట్ పోతే అది యూ. అంటే మన ఇండియా కాల్ సైన్ వీయూ2 కాస్తా యూయూ2 అయిపోతుంది. యూయూ ఉక్రెయిన్‌కి కేటాయించిన అక్షరాలు! రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లో మీ కాల్ సైన్ వెతకండి. అది బలాన్నీ, స్పీడ్‌నీ చూపిస్తుంది కానీ టోన్ సంగతి చెప్పదు. అయితే మీ కాల్ సైన్ అక్కడ మాటిమాటికీ తప్పుగా పడుతోందంటే, అనుమానం ఇక్కడ పెట్టుకోండి. బ్రేక్‌-ఇన్ సెట్టింగ్ మార్చి చూడండి. మామూలు కీ అయితే కాంటాక్టుల మధ్య తెల్ల కాగితం పెట్టి లాగితే మురికి వచ్చేస్తుంది. గరుకు కాగితం వాడొద్దు.

ఇంకొకరి సిగ్నల్‌లో లోపం వినిపిస్తే? చెప్పండి, కానీ రికార్డింగ్‌తో చెప్పండి. ముందు రెండో రిసీవర్‌లో కూడా చెక్ చేసుకోండి. తర్వాత ఒక నిమిషం ఆడియో, ఒక వాటర్‌ఫాల్ స్క్రీన్‌షాట్, తేదీ, టైమ్, ఫ్రీక్వెన్సీ పంపండి. గాలిలో అయితే 579 సి అని కొట్టండి చాలు, అర్థమైనవాళ్లకి అర్థమవుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఆ డమ్మీ లోడ్ కెమెరా ముందే చేద్దాం, రెసిస్టర్లు తెచ్చి పెట్టుకోండి.