కాపర్-టి వేయించుకున్న తేదీ మరువరాదు

రెంజల్: గర్భసంచిలో వేయించుకున్న కాపర్-టిని ఎప్పుడు తీయించుకోవాలి? ఈ ప్రశ్నకు పల్లెల్లో ఇంటికొక జవాబు వినిపిస్తుంది. ఒకసారి వేస్తే ఇక చూడనక్కరలేదని ముసలమ్మలు అంటారు. మూడేళ్ళు దాటనీయరాదని అత్తలు చెబుతారు. పదేళ్ళ దాకా దిగులు లేదని కోడళ్ళు అంటారు. నిజానికి ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి కాలంలో వచ్చిన సాధనం గురించి వారు చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

పేరు ఒకటే, గడువులు వేరు

1965లో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చిన లూప్ మెలికలు తిరిగిన ప్లాస్టిక్ సాధనం. అందులో రాగి లేదు గనుక ఇన్నేళ్ళకు మార్చాలన్న నియమం లేదు. తరువాత రాగి తీగ చుట్టిన కాపర్-టి 200-బి వచ్చింది. దానిని మూడు, నాలుగేళ్ళకు మార్చవలసి వచ్చేది. 2002లో దాని స్థానంలో 380-ఏ రకాన్ని ప్రవేశపెట్టారు. ఇది పదేళ్ళు పనిచేస్తుంది. 2012లో వచ్చిన 375 రకం ఐదేళ్ళే పనిచేస్తుంది. సాధనాలు మారినా ఊళ్ళలో చాలామంది అన్నింటినీ 'లూప్' అనే పిలుస్తారు. అందువల్ల తమకు ఏ రకం వేశారో కొందరికి తెలియదు.

రాగి వీర్యకణాలను చురుకుగా కదలనీయదు. అందువల్లే గర్భం నిలవదు. గడువు దాటితే ఆ భరోసా ఉండదు. సాధనం లోపల ఉండగానే నెల తప్పితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అట్టి గర్భం ఒక్కోసారి గర్భసంచి బయట నాళంలో నిలిచి ప్రాణం మీదికి తెస్తుంది. గర్భసంచిలోనే ఉన్నా సాధనాన్ని అలాగే వదిలేస్తే గర్భస్రావం, చీము పట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి.

కార్డు పుట్టింట, మనిషి అత్తింట

తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. కాన్పయిన 48 గంటల్లోపు ఆసుపత్రిలోనే కాపర్-టి వేసే పద్ధతి ఇప్పుడు ఉంది. బాలింత అత్తగారింటికి వచ్చినా కార్డు పుట్టింట్లోనే ఉండిపోవచ్చు. కందకుర్తి వద్ద గోదావరి దాటితే మహారాష్ట్ర. నది ఆవల కాన్పయి వచ్చిన కోడలి వివరాలు ఇక్కడి నర్సమ్మ రిజిస్టరులో దొరకవు. నాట్ల పనులు, బీడీలు చుట్టే పనుల మధ్య ఏళ్ళు గడిచిపోతాయి.

ఎప్పుడు తీయించాలి?

గడువు తీరినప్పుడు, బిడ్డ కావాలనుకున్నప్పుడు, రక్తస్రావం ఎక్కువై మనిషి నీరసించినప్పుడు తీయించుకోవచ్చు. మొదటి మూడు, ఆరు నెలలు బహిష్టు కొంత ఎక్కువ కావడం మామూలే. పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా వెంటనే చూపించుకోవాలి. దారాలు చేతికి తగలకపోతే సాధనం జారిపోయి ఉండవచ్చు, పైకి జరిగి ఉండవచ్చు. స్కానింగులో తెలుస్తుంది. ముట్లుడిగిన స్త్రీలు చివరి బహిష్టు తరువాత ఏడాదికి తీయించుకోవాలి. అవసరం తీరిందని లోపలే వదిలేయరాదు.

తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. శిక్షణ పొందిన నర్సు లేదా డాక్టరు దారాలు పట్టి మెల్లగా లాగుతారు. ఇంట్లో ఎవరూ ఆ పని చేయరాదు. చీము, గర్భం వంటివి లేకపోతే అదే రోజు కొత్తది వేయించుకోవచ్చు. మధ్యలో గర్భసంచికి విశ్రాంతి కావాలన్న మాట నిజం కాదు. ఆ విశ్రాంతి నెలల్లోనే వద్దనుకున్న గర్భం వస్తుంది. కొత్తది వద్దనుకున్న వారు తీయించడానికి ముందు వారం రోజులు జాగ్రత్త పాటించాలి. తీసిన వెంటనే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది.

తీయించుకోవడం స్త్రీ ఇష్టం. గడువు తీరలేదని ఆమెను తిప్పి పంపరాదు. కార్డు పోయినవారు వేయించుకున్న ఏడాది గుర్తు చేసుకుని ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఏ రకమో తేలకపోతే ఐదేళ్ళ గడువే లెక్క పెట్టుకుని చూపించుకోవడం క్షేమం. ఇక ముందు వేయించుకునేవారు రకం, తేదీ, తీయవలసిన సంవత్సరం మూడూ అడిగి రాయించుకోవాలి. బీడీల లెక్క పుస్తకంలోనైనా సరే, ఇంట్లో పోకుండా ఉండే చోట రాసిపెట్టుకోవాలి. పెళ్ళయి వచ్చిన ప్రతి కోడలినీ ఈ మూడు సంగతులు అడిగి రిజిస్టరులో ఎక్కించుకుంటే నర్సమ్మలకూ పని సులువవుతుంది.