పదహారున్నర కిలోల బండిల్ లెక్క

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రాత్రి పదకొండింటికి ఏడెనిమిది కార్లు చార్జింగ్‌లో ఉంటాయి. పై ఫ్లాట్లలో ఏసీలు, ఫ్రిజ్‌లు నడుస్తూనే ఉంటాయి. ఆ వేళకి ఎండ లేదు, కరెంటు మాత్రం కావాలి. గ్రిడ్‌లో అన్ని రకాల కరెంటూ కలిసిపోతుంది కాబట్టి మా ప్లగ్గులోకి వచ్చింది ఎక్కడిదో విడదీసి చెప్పలేం. అయితే అందులో కొంత ఉత్తర కన్నడ అడవుల్లో, కాళీ నది ఒడ్డున ఉన్న కైగా అణు విద్యుత్ కేంద్రానిది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే మన కడప జిల్లా తగులుతుంది.

కైగాలో రియాక్టర్లు నాలుగు, ఒక్కోటి 220 మెగావాట్లు. ఒక్కో రియాక్టర్‌లో అడ్డంగా 306 గొట్టాలుంటాయి. గొట్టానికి 12 చొప్పున మొత్తం 3,672 ఇంధన బండిళ్లు. బండిల్ అంటే 19 సన్నని లోహపు గొట్టాలను కట్టగా బిగించిన, అర మీటరు పొడవున్న వస్తువు. బరువు పదహారున్నర కిలోలు, అందులో యురేనియం 13 కిలోల పైచిలుకు. వీటిని హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారు చేస్తారు. ఈ రియాక్టర్లకు భారజలం కూడా తప్పనిసరి. దాన్ని తయారు చేసే పెద్ద కర్మాగారాల్లో ఒకటి గోదావరి ఒడ్డున మణుగూరులో ఉంది.

రియాక్టర్ ఆపకుండానే ఒక వైపు నుంచి కొత్త బండిళ్లు తోస్తారు, రెండో వైపు నుంచి వాడేసినవి తీస్తారు. 220 మెగావాట్ల రియాక్టర్‌కు రోజుకు దాదాపు ఎనిమిది బండిళ్లు పడతాయి. రోజంతా నిండుగా నడిస్తే అది 52.8 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంటే బండిల్‌కు దాదాపు ఆరున్నర లక్షల యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద కర్ణాటకలో ఉచితంగా ఇచ్చే గరిష్ఠ పరిమితి నెలకు 200 యూనిట్లు. అంత వాడే 270 ఇళ్లకు ఒక్క బండిల్ ఏడాది పొడుగునా సరిపోతుంది. అదే కరెంటు బొగ్గుతో తీయాలంటే, యూనిట్‌కు 700 గ్రాముల లెక్కన 455 టన్నులు కాల్చాలి. సుమారు ఎనిమిది రైలు వ్యాగన్లు!

ఆపకుండా ఇంధనం మార్చుకునే వీలుంది కాబట్టే కైగా మొదటి రియాక్టర్ 2016 మే 13న మొదలుపెట్టి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఏకధాటిగా నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఇదే కైగాలో 1994 మే 13న, కడుతుండగా రియాక్టర్ గుమ్మటం లోపలి కాంక్రీటు కూలింది. ఆ రోజునూ మరవకూడదు.

సోలార్ ఉందిగా అంటారా? మన పావగడ సంగతి చూద్దాం. తెలుగు ఇంటింటా వినిపించే ఆ తాలూకాలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మెగావాట్లు చూస్తే కైగాకు రెండింతల పైనే. యూనిట్లు చూస్తే కథ తిరగబడుతుంది. రోజుకు ఐదు గంటల నిండు ఎండ లెక్కన పావగడ ఇచ్చేది కోటి యూనిట్లు. కైగా నాలుగు రియాక్టర్లూ నిండుగా నడిస్తే 2.1 కోట్లు, అదీ రాత్రీ పగలూ. సోలార్ వద్దని నా ఉద్దేశం కాదు. మధ్యాహ్నానికి దాన్ని మించింది లేదు. సెల్లార్‌లో కారు చార్జ్ అయ్యే వేళకు మాత్రం ఇంకొకటి కావాలి.

ఆ ఇంకొకటి తొందరగా రాదు. 2047కల్లా లక్ష మెగావాట్ల అణు విద్యుత్ అన్నది 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన లక్ష్యం. 1969లో తారాపూర్ మొదలైనప్పటి నుంచి మనం కట్టుకున్నది తొమ్మిది వేల లోపే, దేశపు కరెంటులో మూడు శాతం. లక్ష్యం చేరాలంటే ఏటా 700 మెగావాట్ల రియాక్టర్లు ఆరు చొప్పున రావాలి. కాక్రపార్ మూడో రియాక్టర్‌కు 2010లో కాంక్రీటు పోస్తే 2023కి గానీ వాణిజ్య ఉత్పత్తి మొదలుకాలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

ఇప్పుడు కడప దారి. కైగా రియాక్టర్లు అంతర్జాతీయ పర్యవేక్షణ పరిధిలో లేవు. అందుకే వాటికి దేశంలో తవ్విన యురేనియమే వాడతారు. అలా తవ్వే చోట్లలో ఒకటి పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె. అక్కడ టన్ను రాయిలో దొరికే యురేనియం అర కిలో కన్నా తక్కువ. ఒక్క బండిల్‌కు సరిపడా కావాలంటే పాతిక టన్నుల పైనే తవ్వాలి. పిండగా మిగిలిన బురద వ్యర్థాల చెరువులోకి చేరుతుంది. ఆ చెరువు వల్లే బోర్ల నీళ్లు పాడై అరటి తోటలు దెబ్బతిన్నాయని కె.కె. కొట్టాల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గని నడిపే యురేనియం కార్పొరేషన్ ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట నిజమైనా, నీళ్లను ఇరుపక్షాలకూ సంబంధం లేనివాళ్లు క్రమం తప్పకుండా పరీక్షించి, అంకెలు ఊరి గోడ మీద రాయాలి. 962 రోజుల రికార్డును లెక్కపెట్టగలిగిన దేశం ఒక ఊరి బోరు నీళ్లను లెక్కపెట్టలేదా?

అణు విద్యుత్ కావాలనే అంటాను. కావాలి కాబట్టే దాని ఖర్చు తుమ్మలపల్లె నుంచే లెక్కవేయాలంటున్నాను. కైగా కరెంటు యూనిట్‌కు ఒక్క పైసా వేస్తే నిండుగా నడిచిన రోజుకు 2.1 లక్షల రూపాయలు, ఏడాదికి ఏడు కోట్ల దాకా వస్తుంది. కె.కె. కొట్టాలకు మంచినీళ్లు, నీటి పరీక్షలు అందులోంచి జరుగుతాయి. నెలకు 200 యూనిట్లు వాడే బెంగళూరు ఇంటికి, అంతా కైగా కరెంటే అనుకున్నా, పడే భారం రెండు రూపాయలు.